కుడివైపు కింది మూల

4, సోమవారం

పొద్దున్న ఆఫీసులో అడుగుపెట్టేసరికి కొంప మునిగినంత హడావిడి. మేం ఏ కంపెనీ ఫోన్ల గురించి జనం రాసేవి చదివి పెట్టెల్లోకి విడదీస్తామో, ఆ కంపెనీ తన ఫోన్ల రూపం, కంప్యూటర్ల రూపం మొత్తం మార్చేస్తోందని పుకారు. ఎవరో ఒక ఫొటో బయటపెట్టారు. నిజమో కాదో కంపెనీ నోరు మెదపడం లేదు. జనం మాత్రం నిజమేనని ఖాయం చేసేసుకుని విరుచుకుపడ్డారు.

ఫొటో నేనూ చూశాను. తెర మీది బొమ్మలకి రంగుల్లేవు. అద్దానికి ఆవిరి పట్టినట్టు అన్నీ ఒకటే తెలుపు. చతురస్రాలు పోయి గుండ్రాలు వచ్చాయి. కింద ఉండే వరస పైకెక్కింది. కంప్యూటర్‌లోనూ అదే తంతు. బాగుందా అంటే బాగానే ఉంది, పరాయి వాళ్ళింట్లో సామాను చూసినట్టు.

సాయంత్రానికి కళ్ళు మండిపోయాయి. ఒకాయన "బాగుంది, పాతదే ఉంచండి" అని రాశాడు. దాన్ని సంతోషం పెట్టెలో వెయ్యాలా, కోపం పెట్టెలో వెయ్యాలా అని పక్క సీటు సోడాకీ నాకూ పావుగంట వాదన. వాడి కళ్ళజోడు చూసి ఆఫీసంతా పెట్టుకున్న పేరది, వాడికీ అలవాటైపోయింది. ఇంకొకావిడ "ఎవరడిగారు?" అని ఒక్క ముక్క రాసింది. చివర ప్రశ్న గుర్తు ఉంది కాబట్టి ప్రశ్న పెట్టె అంటాడు సోడా. వాడితో వేగడం నా వల్ల కాదు.

నాలుగో పెట్టె సొంతగోడు మాత్రం నా పుణ్యమే. రెండో వాక్యం లోపల అమ్మ, ఆయన, పిల్లలు, అత్తగారు, ఎవరొచ్చినా సరే మిగతాది చదవక్కర్లేదు, అందులోకి తోసెయ్యడమే. దాన్ని ఎవరూ తెరవరు, పైకి పంపే లెక్కలోకి రాదు. పోయిన ఏడాది ఈ ఉపాయం చెప్పినప్పుడు మేడమ్ అందరి ముందూ మెచ్చుకుంది. ఇవాళ ఆ పెట్టె లేకపోతే తల ప్రాణం తోకకొచ్చేది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

5, మంగళవారం

పుకారు సంగతి నేనే రెండుసార్లు ఎత్తాను.

అక్కకి జబ్బు చేసి ఏడాది దాటింది. మాట వచ్చింది, నడక వచ్చింది, చెయ్యి కూడా చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. చదవడం మాత్రం తిరిగి రాలేదు. అక్షరాలు కనిపిస్తాయట, కానీ ఏమిటో తెలియదట. కుడివైపు చూపు కూడా మసక. ఆవిడదీ ఆ కంపెనీ ఫోనే, దాన్ని ఆవిడ చేతికి అలవాటు చెయ్యడానికి నేనెన్ని తంటాలు పడ్డానో నాకు తెలుసు. పై వరసలో ఎడమ చివర నేను, పసుపు చొక్కాలో. నా పక్కన తెల్లగా డాక్టరు. కింది వరసలో ఎర్రగా ఆవిడ శిష్యురాలు, దాని పక్కన పచ్చగా బస్సు. కుడివైపంతా ఖాళీ వదిలేశాను, అటు పెడితే కనపడదు కాబట్టి. ఇప్పుడు దాదాపు చూడకుండానే నొక్కుతుంది. ఆ రంగులూ ఆ చోట్లూ పోతే ఏం చేస్తుంది?

"మారితే మారనీరా," అంది చివరికి. "బండి మారిస్తే డ్రైవింగ్ మర్చిపోతామా?"

ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆవిడకి అన్నీ బండి లెక్కే. మొదటిరోజు ఎవరికీ తాళం ఇచ్చేది కాదు. ఇంజిన్ ఆపి ఉన్న బండిలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, బ్రేకు ఎక్కడ, క్లచ్ ఎక్కడ, అద్దం ఎక్కడ అని తడిమించేది. నాకూ అలాగే మొదలుపెట్టింది. నేను మర్నాడే గొడవ పెట్టుకుని మానేశాను. ఇప్పటికీ బస్సులోనే తిరుగుతున్నాను.

బండి వేరు, ఫోన్ వేరు.

7, గురువారం

గురువారం అక్క చేతి వ్యాయామానికి వెళ్ళే రోజు. ఒక్కతే బస్సెక్కి వెళ్తుంది, అయిపోగానే ఫోన్ చేసి "బయల్దేరా" అంటుంది. ఆ ఒక్క మాట వినేదాకా నాకు పని మీద మనసు నిలవదు. ఇవాళ కూడా చేసింది.

మేడమ్ మా అందరికీ ఒక పని చెప్పింది. రాయలేని వాళ్ళు మాట్లాడి అభిప్రాయం చెప్పేందుకు కొత్త మీట ఒకటి వచ్చింది, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో పెట్టి చూడమంది. అక్క ఫోన్‌లో నీలం రంగులో పెట్టాను. నొక్కి మాట్లాడితే చాలు, మా ఆఫీసుకి చేరుతుందని చెప్పాను.

"నువ్వే వింటావా?" అంది.

"అన్నీ నా ముందుకే వస్తాయి," అని కోతలు కోశాను. నిజానికి మాటలన్నీ సోడా చెవుల్లోకి పోతాయి. ఆ మాత్రం గొప్ప చెప్పుకుంటే ఏం పోయింది.

10, ఆదివారం

హారన్ వచ్చింది, అక్క శిష్యురాలు. అక్క దగ్గర నేర్చుకునే రోజుల్లో మలుపు లేకపోయినా హారన్ కొట్టేదని అక్కే ఆ పేరు పెట్టింది. అక్క పాఠాలు చెప్పిన డ్రైవింగ్ స్కూలుని ఇప్పుడు ఈ హారనే నడుపుతోంది. వచ్చినప్పటి నుంచి కుర్చీ అంచునే కూర్చుంది, అప్పుడే అనుకున్నాను ఏదో ఉందని.

"టీచర్, మీరు బండి నడపక్కర్లేదు," అంది. "మొదటిరోజు పాఠం చెప్పండి చాలు. ఇంజిన్ ఆపిన బండిలో కూర్చుని. మా వాళ్ళెవరికీ ఆ ఓపిక లేదు. తాళం చేతికిచ్చేసి తర్వాత అరుస్తున్నారు. ఆఫీసు పైన గది ఖాళీగా ఉంది, మీరక్కడే ఉండొచ్చు. నేనెప్పుడూ కిందే ఉంటాను."

"ఇక్కడి నుంచే రోజూ వచ్చి వెళ్తుందిలే," అన్నాను.

"తెల్లారకుండానే మొదటి బ్యాచ్ వచ్చేస్తుందన్నయ్యా. రెండు బస్సులు మారి ఎలా వస్తారు?"

అక్క మొహం చూశాను. జబ్బు చేశాక ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు.

"ముందు ఫోన్ సంగతి తేలనివ్వండి," అన్నాను.

"ఏ ఫోన్?" అంది హారన్.

ఫొటో గురించి, రంగుల గురించి, వరసలు తారుమారు కావడం గురించి వివరంగా చెప్పాను. ఈవిడకి ఫోన్ ఒక్కటే ఆధారం, అది కాస్తా మారిపోతే పరాయి గదిలో ఒక్కతే ఉండి ఎవర్ని పిలుస్తుంది అని అడిగాను. కొత్తది రానివ్వండి, చేతికి అలవాటవ్వనివ్వండి, అప్పుడు చూద్దాం అన్నాను.

"అది పుకారు కదన్నయ్యా."

"పుకారని నీకెవరు చెప్పారు?"

అక్క కాఫీ గ్లాసులు తీసుకెళ్ళి కడిగింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమని, లేకపోతే గది వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుందని చెప్పి వెళ్ళింది హారన్. గుమ్మం దాకా అక్క తోడు వెళ్ళింది. ఇద్దరూ అక్కడ కాసేపు చెవులు కొరుక్కున్నారు.

నేనన్న దాంట్లో తప్పేముంది? ఆవిడ మంచి కోసమేగా.

11, సోమవారం

హారన్‌కి బొత్తిగా మాటతీరు తెలియదు.

13, బుధవారం

కోపం పెట్టె పొంగిపోతోంది. ఒకాయన అద్దం మీద ఆవిరి ఊది, దాని మీద వేలితో ఫోన్ బొమ్మ గీసి ఫొటో పంపాడు. "ఇది నేను ఉచితంగా చేశాను" అట. ఒకమ్మాయికి మాత్రం తెగ నచ్చింది, ఎప్పుడు వస్తుందో చెప్పమని పొద్దస్తమానం అడుగుతూనే ఉంది. ఇంకా కళ్ళతో చూడని దాని గురించి మనుషులు ఇంతలా కొట్టుకుంటారా అని సోడా ముక్కున వేలేసుకున్నాడు.

నేను మాత్రం ఆశ్చర్యపోలేదు. మనిషికి అలవాటైన చోటు అంత తేలిగ్గా వదలదు. అక్క రాకముందు నేనీ ఇంట్లో పొయ్యి పక్కన నిలబడే తినేవాణ్ణి. ఇప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని తింటున్నాను.

ఇది అక్క సంగతికి సంబంధించింది కాదు. ఊరికే రాశాను.

14, గురువారం

ఒక పరీక్ష చేశాను. ఇందులో దాచడానికేమీ లేదు.

పొద్దున్న అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో బొమ్మల్ని కొంచెం అటూ ఇటూ జరిపాను. రేపు కంపెనీ చెయ్యబోయేది ఇదే కదా, ముందే తెలిస్తే మంచిది కదా అని. డాక్టర్ని నా చోటికి తెచ్చాను. నన్ను నేను ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కాబట్టి కుడివైపు కింది మూల పెట్టుకున్నాను. అక్కడ ఖాళీ ఉంది.

మధ్యాహ్నం ఫోన్ రాలేదు. రాదని తెలిసి కూడా చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఉండబట్టలేక సెలవు చెప్పి వెళ్ళాను. వ్యాయామం చేయించే చోటు ఎదురుగా బస్టాపులో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని. ఏడవడం లేదు, కంగారు పడడం లేదు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఏమైందక్కా?"

"బొమ్మలు ఎటో పోయాయిరా."

"చూశావా మరి? అసలుది ఇంకా రానే లేదు. ఇంత దానికే ఇలా అయితే?"

"అవున్రా," అంది.

సాయంత్రం పక్కన కూర్చుని అన్నీ మళ్ళీ మామూలుగా సర్దాను. అక్క చెయ్యి పట్టుకుని ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టించాను, మొదట్లో నేర్పినట్టే. మధ్యమధ్యలో చిన్నప్పటి కబుర్లు వచ్చాయి. పెరట్లో నేను గోడెక్కి దిగలేక అరిస్తే తను వచ్చి కాళ్ళు పట్టుకుని దింపిన సంగతి చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకి ఇంట్లో సాయంత్రం బాగా గడిచింది.

15, శుక్రవారం

అక్క హారన్‌కి ఇంకా సమాధానం చెప్పలేదు. నేను అడగలేదు. నాకెందుకు.

17, ఆదివారం

అక్క వంటింట్లో కళ్ళు మూసుకుని డబ్బాలు తడుముతూ కనిపించింది. ఏంటక్కా అంటే "ఊరికేరా" అంది. కళ్ళు నొప్పి పెడుతున్నాయేమో. డాక్టరుకి చూపించాలి.

19, మంగళవారం

హారన్ ఆఫీసుకి ఫోన్ చేసింది. టీచర్ ఏమన్నారని. ఇంకా ఆలోచిస్తోందన్నాను.

"గురువారం టీచర్ నాకు ఫోన్ చేశారన్నయ్యా. నేను హలో అనేలోపే 'నువ్వు కాదులే' అని పెట్టేశారు. ఎవరి కోసం చేశారో మరి."

"పొరపాటున తగిలుంటుంది. అదే కదా నేను చెప్పేది."



20, బుధవారం

మేడమ్ రేపు లెక్క పైకి పంపుతుందట. ఎంతమందికి కోపం, ఎంతమందికి సంతోషం అని. దాన్ని బట్టి కంపెనీ వెనక్కి తగ్గినా తగ్గొచ్చని అందరూ అనుకుంటున్నారు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనూ ఒకటి రాశాను, మామూలు మనిషిలాగా, నా ఫోన్ నుంచి. మా అక్క చదవలేదు, రంగూ చోటూ గుర్తుపెట్టుకుని బతుకుతోంది, దయచేసి ఏదీ కదిలించకండి అని. నాలుగుసార్లు దిద్దాను.  పంపించాను.

21, గురువారం

నేను రాసింది సొంతగోడు పెట్టెలో ఉంది.

సోడానే వేశాడు. "ఇది మామూలు గోడు కాదు, చాలా ముఖ్యమైన విషయం, కోపంలోకి మార్చు," అన్నాను. నేను రాసిందని చెప్పలేదు.

"మొదటి వాక్యంలోనే అక్క వచ్చింది కదా గురూ. రూల్ నీదేగా," అన్నాడు వాడు, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "ఒక్కటి మార్చితే అన్నీ మార్చాలండీ. అందుకే కదా మీరా పెట్టె పెట్టించింది," అంది. లెక్క పైకి వెళ్ళిపోయింది.

అక్క "బయల్దేరా" అని ఫోన్ చేసింది ఇవాళ. బొమ్మలన్నీ ఉన్న చోటే ఉన్నాయి మరి.

22, శుక్రవారం

ఉండబట్టలేక ఆ పెట్టె తెరిచాను. ఏడాది నుంచి తోస్తూ వచ్చినవన్నీ అందులో పడి ఉన్నాయి. పై నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఒకాయన రాశాడు: ఫోన్‌లో అన్నీ మా ఆవిడ సర్ది పెట్టింది, ఆవిడ పోయాక నేను ఏదీ ముట్టుకోలేదు, నాకు అక్కర్లేనివి కూడా అలాగే ఉంచాను, మీరు జరపకండి. ఒక లారీ డ్రైవరు రాశాడు: ఎండలో నాకు ఆ పసుపు రంగు ఒక్కటే కనపడుతుంది, మా పాప ఫోన్ చేసిందని అలాగే తెలుస్తుంది. ఒక పిల్ల రాసింది: మా నాన్నగారికి ప్రతిసారీ నేనే నేర్పిస్తాను, ఈసారి నేర్పించే ఓపిక నాకు లేదు, నన్ను తిట్టుకోకండి.

ఇవి కోపాలా, సంతోషాలా?  సోడా కాఫీ తెచ్చి పెడితే చల్లారిపోయేదాకా చూడలేదు.

25, సోమవారం

తేలిపోయింది. కంపెనీ నోరు విప్పింది. ఆ ఫొటో మాది కాదు, ఈ ఏడాది అలాంటి మార్పేమీ లేదు అని రెండు ముక్కల్లో ప్రకటన. ఇన్ని రోజులు కొట్టుకున్నవాళ్ళంతా ఇప్పుడు అదేంటి, ఎందుకు మార్చరు, మార్చాల్సిందే అని రాస్తున్నారు. సోడా పగలబడి నవ్వాడు.

నాకు మనసు తేలికపడింది. ఇంటికొచ్చి "అక్కా, ఈ ఏడాది ఏమీ రావట్లేదట," అని చెప్పాను. కొత్తది వచ్చాకే కదా ఏ నిర్ణయమైనా అనుకున్నాం, ఇక కంగారేమీ లేదన్నాను.

"అయితే ఏ ఏడాదట?" అంది.

 జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళి పడుకుంది.

27, బుధవారం

ఇవాళ్టిది మొత్తం రాస్తాను.

సొంతగోడు పెట్టెలోవి నేను చదవడం సోడా రోజూ చూస్తూనే ఉన్నాడు. ఇవాళ భోజనం అయ్యాక హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. "నీ గోడుకి జోడీ ఒకటుంది గురూ. మాటలో వచ్చింది. మొదటి ముక్కలోనే తమ్ముడొచ్చాడు, పెట్టెలో పడేశాను. నిన్న ఊరికే చివరిదాకా విన్నాను," అన్నాడు. ఆ రోజు రాసింది నేనేనని వాడికి మొదట్నుంచీ తెలుసట.

పెట్టుకున్నాను. అక్క గొంతు.

ఎలా మాట్లాడిందో అలాగే రాసి పెట్టుకుంటాను. నేను ఇది మళ్ళీ మర్చిపోకూడదు.

"హలో. మా తమ్ముడు మాట్లాడమన్నాడు, అందుకని మాట్లాడుతున్నా. నాకు చదవడం పోయింది. బొమ్మలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని నొక్కుతా. మీరు అదంతా మార్చేస్తున్నారట. మార్చేదుంటే తొందరగా మార్చండి. అది వచ్చేదాకా మావాడు నన్ను కదలనివ్వడు. నాకేమో ఒకచోట పని ఉంది, మళ్ళీ పాఠం చెప్పుకునే పని. మొన్న మావాడే నా ఫోన్‌లో బొమ్మలన్నీ జరిపాడు. నేను స్నానానికి వెళ్ళేటప్పుడు ఒకలా ఉంది, వచ్చేసరికి ఒకలా ఉంది, ఇంట్లో ఉండేది ఇద్దరం. నాకు తెలియదనుకుంటున్నాడు. ఒకటి నొక్కితే డాక్టరు దగ్గర పిల్ల ఎత్తింది. ఇంకోటి నొక్కితే హారన్. తర్వాత మెడ తిప్పి చూశా, బండిలో పక్క అద్దం చూసినట్టు. కుడివైపు కింది మూలన ఉన్నాడు మావాడు, పసుపు చొక్కాలో. దొరికాడు. కానీ నొక్కలేదు. దొరికాడని చెప్తే వాడి మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. అందుకని బస్టాపులో కూర్చున్నా, వాడే వస్తాడని. వచ్చాడు. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా నేర్పించాడో. వాడికి నేను తప్ప ఎవరున్నారు. అందుకే చెప్పలేకపోతున్నా. మీరు తొందరగా మార్చేస్తే, నేను నేర్చేసుకుంటే, ఇక వాడూ ఏమీ అనలేడు. అంతే. ఉంటా."

సోడా అటు తిరిగి కూర్చున్నాడు. మంచివాడు. నేను ఇన్నాళ్ళు వాడి మీద పడి ఏడ్చాను.

బస్సు దిగాల్సిన చోటు దాటిపోయాను. వెనక్కి నడిచి ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"ఇవాళ విన్నానక్కా," అన్నాను.

"ఏది?"

"నువ్వు మాట్లాడింది."

చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళు పట్టిందేంట్రా? అన్నీ నీ ముందుకే వస్తాయన్నావు."

అంటే నేను వినాలనే మాట్లాడింది. కంపెనీకి చెప్పినట్టు నాకు చెప్పింది. మొహం మీద అనలేక. సొంతగోడు పెట్టె గురించి, రెండో వాక్యం రూలు గురించి, అది ఎవరి బుర్రలో పుట్టిందో కూడా చెప్పాను. అక్క నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"సిగ్గుగా ఉందక్కా. బస్టాపులో నిన్ను అలా కూర్చోబెట్టాను."

"నేనే కూర్చున్నాగా."

"భయమేసింది నాకు."

"తెలుసురా."

"నీకేదో అయిపోతుందని కాదు."

"అదీ తెలుసు," అంది. తర్వాత చాలాసేపు నా జేబురుమాళ్ళు మడతపెట్టింది. "నాకూ భయంగానే ఉంది. అయినా ఇంజిన్ ఆపుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాం చెప్పు."

28, గురువారం

నేనే హారన్‌కి ఫోన్ చేశాను. గది ఉందా అని అడిగాను. చెవి చిల్లులు పడేలా అరిచింది. టీచర్ని ఇవ్వండి అంటే, వ్యాయామానికి వెళ్ళింది, నువ్వే చేసి చెప్పు, నీ ఫోన్ ఎత్తడం ఆవిడకి బాగానే వచ్చు అన్నాను.

సొంతగోడు పెట్టె తీసెయ్యమని మేడమ్‌ని అడిగాను. కుదరదంది. అయితే రోజూ సాయంత్రం కాసేపు దాన్ని నేను చదువుతానంటే, మీ ఇష్టం అంది.

31, ఆదివారం

అక్కని దింపి వచ్చాను.

గది చిన్నదే గానీ వెలుతురుంది. కిటికీలోంచి కింద మైదానం, ముగ్గు పిండితో గీసినట్టు తెల్లటి గీతలు, మధ్యలో ఆగి ఉన్న బండి ఒకటి కనిపిస్తున్నాయి. అక్క గదిలోకి రాగానే చేసిన మొదటి పని, కళ్ళు మూసుకుని గోడ పట్టుకుని ఒక చుట్టు తిరగడం. లైటు ఎక్కడ, తలుపు గడియ ఎక్కడ, కుళాయి ఎక్కడ. రెండోసారి తడబడకుండా తిరిగింది. వంటింట్లో డబ్బాలు తడమడం దేనికో నాకిప్పుడు అర్థమైంది. నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళబోయాను.

నేను బయల్దేరుతుంటే ఆగమని ఫోన్ ఇచ్చింది. "ఇందులో కొన్ని జరపాలి. నువ్వు జరపకు, నేను చెప్పినట్టు నా వేలే పెడతా, చూస్తుండు," అంది.

పై వరసలో ఎడమ చివర హారన్‌ని పెట్టుకుంది. పిలిస్తే మెట్లెక్కి వచ్చేది తనే కదా, అదే సరైన పని. డాక్టర్ని అలాగే ఉంచింది. నన్ను పట్టుకుని లాగుతూ లాగుతూ తీసుకెళ్ళి కుడివైపు కింది మూలన వదిలింది.

"అక్కడ నీకు కనపడదు కదక్కా," అన్నాను. తను నా వైపు చూసింది.

"నువ్వు పెట్టిన చోటేగా. మొదటి చోట ఉంటే పొరపాటున చెయ్యి తగిలినా నీకే వచ్చేస్తుంది. నువ్వు ప్రతిసారీ ఏమైందో అని పరిగెత్తుకొస్తావు. ఇక్కడైతే నేను మెడ తిప్పి, చూసి, వెతికి నొక్కాలి." చొక్కా కాలరు సర్దింది, చిన్నప్పుడు స్కూలుకి పంపేటప్పుడు సర్దినట్టు. "మోగిందంటే కావాలనే చేశానని తెలుస్తుంది నీకు."

1, సోమవారం

నిలబడే తిన్నాను. తర్వాత గుర్తొచ్చి, మిగిలింది కూర్చుని తిన్నాను.

2, మంగళవారం

అక్క ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

3, బుధవారం

మళ్ళీ ఎవరో కొత్త ఫొటో బయటపెట్టారట. ఈసారి అసలు బొమ్మలే ఉండవట, అంతా మాటేనట. జనం మొదలెట్టారు. సోడాకి చెప్పాను, మాటలో వచ్చేవి సగం నాకివ్వమని. చివరిదాకా వింటున్నాను, పని నత్తనడక నడుస్తోంది, మేడమ్ గుర్రుగా ఉంది.

ఫోన్ జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. పని కోసమే.

4, గురువారం

సాయంత్రం ఇంట్లో కాఫీ పెట్టుకుంటుంటే మోగింది. అక్క.

"ఏంటక్కా, ఏమైంది? వ్యాయామం అయిందా? బస్సు దొరికిందా?"

"అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చేశా. ఏమీ కాలేదురా, ఊరికే చేశా."

పాలు పొంగాయి. పొయ్యి ఆపాను. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక మైదానంలో ఎవరో కొత్తవాళ్ళు మలుపు లేకపోయినా హారన్ కొడుతున్నారు, అక్క విసుక్కుంటోంది, నేను వింటున్నాను.

ఊరికే అంది గానీ, మెడ తిప్పి చేసింది.